లోపలి మడత

చేతులకంటిన ఆకు జిగట
చింతపండుతో రుద్దితే గాని వదలదు.
బడి తెరిచే ముందు తెల్లచొక్కా కుట్టే రోజైతే
రెండుసార్లు రుద్దాలి.
టంగుటూరు గ్రేడింగ్ షెడ్డులో సీజనంతా
ఆకును రంగు చూసి వేరుచేసే కళ్లివి:
నిమ్మపసుపు ఒక కుప్ప, మాగిన పసుపు ఒక కుప్ప,
పచ్చ తిరిగింది పక్కకి.
చీరాల కట్‌పీసుల కొట్లో
"రెండూ ఒకటే రంగమ్మా" అంటే
నేనెందుకు నమ్ముతాను?

అక్కడ గుడ్డ తూకానికి ఇస్తారు.
ఒక్కోసారి మూట విప్పితే
సగం పువ్వు దగ్గర తెగిపోయిన ముక్క ఉంటుంది.
మిగతా సగం
ఏ ఊళ్లో ఏ పిల్ల వీపు మీదుందో.

మా కెజియకి తొలి గౌను
అత్త పాత వాయిలు చీరతో కుట్టాను, చేత్తో.
కొత్తగుడ్డ పసిదానికి గుచ్చుకుంటదని
అత్తే చింపిచ్చింది.
ముప్పై ఏళ్లు ఉతికిన మెత్తన,
కొట్లో దొరకదు.

తర్వాత మిషనొచ్చింది,
కందుకూరులో కొట్టు ఎత్తేసిన దర్జీ దగ్గర,
ఎనిమిది వారాల కూలికి.
తొక్కితే నూనె లేని బండిలా అరిచేది.
పిల్ల ఆ చప్పుడుకే నిద్రపోయేది,
ఆపితే లేచేది.
కుట్టాల్సింది అయిపోయాక కూడా
దారం తీసేసి ఉత్తినే తొక్కిన రాత్రులున్నాయి.

నాకు తెలిసిన విద్య ఒక్కటే,
అంచు లోపల మూడంగుళాలు దాచడం.
చంకల కింద కొంచెం, నడుం దగ్గర కొంచెం.
"ఏందమ్మా ఈ గౌను ఇంత బరువు" అనేది.
వచ్చే ఏటి నువ్వు కూడా అందులోనే ఉండావు మరి,
చెబుదామంటే నోటినిండా గుండుసూదులు.

ఏటా క్రిస్మస్ ముందు మడత విప్పేదాన్ని.
మోకాళ్ల దాకా ఎండకు వెలిసిన నీలం,
దాని కింద బెత్తెడు అసలు నీలం.
చర్చిలో ముందు చాప మీద పిల్లలు
"నీ గౌనుకి రెండు రంగులే" అన్నారంట.
ఇంటికొచ్చి చెప్పింది. ఏడవలా.
ఆ గీత మీద లేసు వెయ్యమంది.
మరుసటేడు ఇంకో లేసు.
ఆ మీద ఇంకోటి.
ట్రంకుపెట్టెలో ఉంది ఇప్పటికీ,
ఏ లేసు ఏ తరగతో చెప్పగలను.

ఏడో తరగతిలో జేబు కావాలంది.
ఆడపిల్ల గౌనుకి జేబేందే, ఏం పెట్టుకుంటావు?
"చేతులు" అంది.
కుట్టాను. నిజంగానే ఆ రోజునుంచి
దాని నడక మారింది.
నా జాకెట్టు లోపలా ఒకటి కుట్టుకున్నాను,
మేస్త్రీ ఇచ్చే కూలి చీటీలకి.

ఈ డిసెంబరు
టేపు పట్టుకుని పిలిస్తే రాలా.
తలుపు సందులోంచి చెయ్యి చాపింది.
"ఇటియ్యి, నేనే కొలుచుకుంటా."
పద్నాలుగేళ్లు ఆ వీపు మీద
జానలేసుకుంటా నడిచినదాన్ని,
తలుపు బయట పెన్సిలుతో కూచున్నా.
పాసింజరు పోతా ఉంది, సరిగా వినపడలా.
"ఎంతా?"
"ముప్పై."
"గట్టిగా చెప్పు!"
"ఊరంతా వినాలా అమ్మా?"

రాసుకున్నాను,
పాత చీటీ వెనక, పోయినేటి అంకె కింద.
కాగితం మీద ముప్పై.
గుడ్డ మీద సుద్దతో ముప్పై ఒకటిన్నర.

బయటికొచ్చింది, టేపు మెళ్లో వేసుకుని.
సుద్దగీత చూసింది, నన్ను చూసింది.
"ఎగస్ట్రా పెట్టావు కదా?"
లేదన్నాను.
చెరిపెయ్యలేదు.
"జేబులు రెండు" అని చెప్పి లోపలికి పోయింది.
టేపు తిరిగివ్వలా.