నూట అరవై తొమ్మిది జ్లోటీలు

వూచ్ నగరంలో, ట్రామ్ డిపో వెనక
బొగుమీవా దుకాణం.
అరవై రెండేళ్ళ మనిషి.
తాను ఆడి చూడని ఆటని ఎవరికీ అమ్మదు.

టిమెక్ చేతి తొడుగు విప్పి
గాజు బల్ల మీద చిల్లర గుట్ట పోశాడు.
రెండు నెలలు కరపత్రాలు పంచిన డబ్బు.
"ఆ పెద్ద అంతరిక్షం ఆటకి కొత్తగా లేచిన పిలక.
కొనచ్చా?"

కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టిందావిడ.
"తుపాకులు పాతవే, నీలం రంగు కొట్టారు.
గ్రహమూ పాతదే,
ఈసారి ఉత్తరం వైపు నుంచి దిగుతాం, అంతే.
ఆరు గంటల్లో అయిపోతుంది.
పైన పటారం..."
లోన లొటారం అనబోయి ఆగింది.

"నాలుగో గంటలో మాత్రం
ఓడ పగులుతుంది.
తూటాలు నిండుకుంటాయి.
కాల్చడానికి ఎదురుగా ఎవరూ ఉండరు.
హెల్మెట్‌లో నీ ఊపిరి నీకే వినబడుతూ
బూడిద కురుస్తుంటే నడుస్తావు,
పదకొండు నిమిషాలు.
దూరాన ఒక దీపం.
ఎవరు పెట్టారో చివరిదాకా చెప్పరు.
దానికి నేనైతే నలభై ఇస్తాను.
మిగతా నూట ఇరవై తొమ్మిదీ
అట్టపెట్టెకి."

టిమెక్ చాలాసేపు బల్లకేసి చూశాడు.
నలభై లెక్కపెట్టి
విడిగా ముందుకు జరిపాడు.
"అయితే అవే అమ్ము."

బొగుమీవా నవ్వలేదు.
ఒక్క నాణెం ఉంచుకుని
తక్కినవి వెనక్కి తోసింది.
బల్ల చుట్టూ తిరిగి లోపలికి రమ్మంది.
తన పాత టీవీ, తన సగం ఆట,
స్టూలు మీద తన దిండు.

చీకటి పడ్డాక ట్రామ్ దిగినాయన ఒకాయన
తలుపు తోసి, మంచు దులుపుకుంటూ,
"ఆ కొత్తది డబ్బుకి తగ్గదేనా?" అన్నాడు.

"ష్," అందావిడ తల తిప్పకుండా,
"దీపం దగ్గరికి పోతున్నాడు."