లోపలి కుట్టు

షర్టు మడవడానికి ఏడు సెకన్లు, అంది ఫినూలా.
ప్లాస్టిక్ పలకని ఎడమకి తిప్పి, కుడికి తిప్పి, పైకి ఒక్క దెబ్బ.
మాకు నేర్పడానికి ఐర్లండ్ నుంచి వచ్చిన పిల్ల,
ముక్కు మీద ఇంకా విమానం జలుబు.
నాకు తొమ్మిది పట్టింది.
"పర్లేదు డియోలిండా, వారంలో వచ్చేస్తుంది."
ఇరవై ఆరేళ్ళు ఈ ఊళ్ళోనే షర్టు అంచులు కుట్టానని
నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఫాల్ రివర్‌లో బూడిదరాతి మిల్లులు ఇంకా నిలబడే ఉన్నాయి.
ఒకదాంట్లో పరుపులమ్ముతారు, ఒకదాంట్లో పళ్ళ డాక్టరు,
నేను కూర్చున్న మూడో అంతస్తులో
పిల్లలు ట్రాంపొలిన్ మీద ఎగురుతారు.
దాని పక్కన, పార్కింగ్ దాటాక,
హాలిగన్స్ అని పచ్చ బోర్డు.
సముద్రం అవతల నూట ఎనభై కొట్లున్న కంపెనీయట,
ఇవతల పేరు పలకడం కూడా ఎవరికీ రాదు.
రోడ్డుకి అటువైపు చవక కొట్లు మూడూ
అప్పుడే అద్దాల నిండా ఎర్ర కాగితాలు అంటించాయి,
వీధిలోకి కొత్త కుక్క వస్తే
పాతవి లేచి నిలబడ్డట్టు.

మొదటి వారం బోర్డులు మార్చడానికే సరిపోయింది.
స్వెటర్ల మీద జంపర్లని రాసొచ్చాయి;
ఇక్కడ జంపరంటే మా వంతెన మీంచి దూకేవాడు.
ప్యాంట్స్ అంటే వాళ్ళకి లోదుస్తులు, మాకు ప్యాంట్లు.
ఫినూలా నిచ్చెనెక్కి ఒక్కొక్కటీ దింపుతూ
నవ్వింది, నవ్వు మధ్యలో ఆగిపోయింది.
వెనక గదిలో టీ తాగుతూ చెప్పింది తర్వాత:
ఇంతకుముందు ఇంకో దేశంలో పదకొండు తెరిచారు,
రెండేళ్ళలో పదకొండూ మూశారు,
ఆఖరి కొట్టుకి తాళం వేసింది తనే.
"బొమ్మలకి బట్టలు విప్పడం ఉంటుంది చూడు, అదీ కష్టం."
నా బిస్కట్లో సగం విరిచిచ్చాను.
మాకు మూసినప్పుడు బొమ్మలు లేవు.
బోల్టులు ఊడదీసి మిషన్లు లారీ ఎక్కించారు.
నాది ఎక్కుతుంటే పెడల్ ఊగింది.

రాత్రి షిఫ్టులో ఎవరూ చూడనప్పుడు
షర్టుని తిరగేస్తాను.
బయట ఏముంది, రంగు. సంగతంతా లోపలే.
అంగుళానికి ఎనిమిది కుట్లు. మేం పన్నెండు వేసేవాళ్ళం.
లేబుల్ మీది ఊరు నేనెరగను,
ఈ చెయ్యిని ఎరుగుదును:
చంక దగ్గర మొదలై తిన్నగా వచ్చిన దారం
నడుము దగ్గర కాస్త తూలింది.
అది మధ్యాహ్నం మూడున్నర అయ్యుంటుంది.
ఎవరో తలెత్తి గడియారం చూసింది.
ఇలాంటివి వేరే బుట్టలో వెయ్యాలి.
నేను మడిచి అరలో పెట్టాను.

తెరిచిన రోజు చలి ఎముకల్ని కొరికింది. ఐదింటికే లైను.
లైన్లో ఏడో మనిషి మిసెస్ బుషార్.
ఎనభై నాలుగేళ్ళు, నాలుగు కాళ్ళ కర్ర, అదే లిప్‌స్టిక్.
మా టేబుళ్ళ మీద ఫోర్‌లేడీ. ఎన్నిసార్లు నా కట్టలు
నా ఒళ్ళోకే విసిరిందో, విప్పి మళ్ళీ కుట్టమని;
విప్పిన గంటకి కూలి లేదు.
నన్ను గుర్తుపట్టలేదు. పట్టిందేమో.
షర్టు తీసి, ధర చూడకముందే తిరగేసింది.
బొటనవేలి గోటితో అంచు దగ్గర దారం మీటింది.
దారం వచ్చింది. వస్తూనే ఉంది.
"ఇది నా టేబుల్ దాటేది కాదు," అంది
ఎవరితోనో.
"దాటేది కాదు," అన్నాను.
"ఎంత?"
"నాలుగు డాలర్లు."
ఆ దారం వేలికి చుట్టుకుంటూ చాలాసేపు నిలబడింది.
వెనక జనం తోసుకుంటున్నారు.
తలుపు దగ్గర ఫినూలా తలలు లెక్కపెడుతోంది,
పెదాలు కదుపుతూ, ప్రార్థనలా.
మూడు తీసుకుంది మిసెస్ బుషార్.
ఒకటి నీలం.

ఆమె చెదరగొట్టిన దొంతరని మళ్ళీ మడిచాను.
ఎనిమిది సెకన్లు.