బొటనవేలు చెప్పేది

పోర్వెనీర్‌లో గాలి తలుపు తట్టదు,
తోసుకొని వస్తుంది.
హ్యాంగరు రేకులు రాత్రంతా పళ్ళు కొరుకుతాయి.
జలసంధికి అవతల పుంటా అరేనాస్.
పడవకైతే రెండు గంటల పైమాట, అదీ సముద్రం ఒప్పుకుంటే.
మా విమానానికి పన్నెండు నిమిషాలు.

చిన్న విమానం. రెండు ఇంజన్లు, తొమ్మిది సీట్లు,
తలుపు లోపల ఏ గొర్రెలకుక్కో గీరిన గీతలు.
రెక్కల చివర కదిలే పలకలుంటాయి, ఎలెరాన్లంటాం.
పైలట్ చక్రం ఎడమకు తిప్పితే
ఎడమ పలక లేస్తుంది, కుడి పలక వాలుతుంది,
లేచిన పలక వైపు రెక్కకు గాలి ఆసరా తగ్గి
విమానం అటు ఒరుగుతుంది.
ఇందులో మంత్రమేమీ లేదు.
మన కాళ్ళ కింద, నేలరేకు అడుగున,
స్వెట్టరల్లే సూదంత మందం ఉక్కు తీగలు
కప్పీ తర్వాత కప్పీ చుట్టుకుంటూ
ఒక మనిషి మణికట్టును
రెక్క కొసదాకా మోసుకుపోతాయి.

ఆ వారం తీగలు మార్చాం.
మార్చాం అంటే, ఎలియోడోరో మార్చాడు.
ముప్పై ఎనిమిదేళ్ళుగా చేయి తిరిగినవాడు.
తీగ బిగుతు కొలవడం నాకు నేర్పింది ఆయనే,
లాకింగ్ వైరుకు అంగుళానికెన్ని మెలికలో నేర్పిందీ ఆయనే.
ఆయన మెలేసిన వైరు చూస్తే
ఆడపిల్లకు జడేసినట్టుంటుంది.

రూలొకటుంది.
కంట్రోళ్ళ మీద చేయి పెట్టినవాడు
తన పనికి తానే సాక్షి కాకూడదు.
రెండో జత కళ్ళు కావాలి.
ఆ రోజు ఆ జత నాది.

బిగుతు కొలిచాను, సరిపోయింది.
చక్రం నడిమికి తెస్తే పలకలు రెక్కతో సమానంగా నిలిచాయి.
ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాను,
ఎక్కడా పట్టేయలేదు, వెన్నలో వేలు తిప్పినట్టుంది.
సంతకానికి పెన్ను తీశాను.
చలికి సిరా బిగుసుకుపోయింది.

పెన్ను నోట్లో పెట్టుకొని వెచ్చబెడుతూ
ఊరికే, చేతికి పనిలేక, చక్రం పట్టుకున్నాను
బొటనవేలు నిటారుగా పెట్టి.
మొదటి రోజు కుర్రాళ్ళకు చెప్పే పాఠం:
వేలు ఎటు చూపితే అటు పలక లేవాలి.
ఎడమకు తిప్పాను.
వేలు ఎడమకు చూపింది.
కిటికీలోంచి చూస్తే
ఎడమ పలక తల దించుకొని ఉంది.

మళ్ళీ తిప్పాను.
ఎడ్డెమంటే తెడ్డెం.

ఏ కొలతా నాతో అబద్ధమాడలేదు.
ఏ కొలతనూ నేను ఆ ప్రశ్న అడగలేదు.

అప్పుడు యెర్కో గుర్తొచ్చాడు, మా పైలట్.
చక్రాలు నేల విడవగానే
ఈ ఊరి గాలి కుడి రెక్కను ఎగదోస్తుంది.
దించుదామని కుడికి తిప్పుతాడు.
అదింకా లేస్తుంది.
ఇంకా తిప్పుతాడు.
భయపడ్డ చెయ్యి
తనకు తెలిసిన వైపే తిరుగుతుంది కదా.

ఎలియోడోరోకి ఎలా చెప్పాలో తెలియలేదు.
"ఒకసారి మీరు చక్రం పట్టుకుంటారా" అన్నాను.
నేను బయటికెళ్ళి ఎడమ పలక కింద అరచెయ్యి పెట్టాను.
"ఎడమకు" అని అరిచాను గాలిలో.
పలక నా అరచేతిలోకి దిగింది,
నిద్రపోయే పిల్ల తల వాల్చినట్టు.
అద్దం వెనక ఆయన
తన బొటనవేలినే చూస్తున్నాడు.
చాలాసేపు చక్రం వదల్లేదు.

ఆఫీసులో ఫోను మోగి మోగి ఆగింది.
"మిలెంకా" అన్నాడు దిగివచ్చి,
"కటింగ్ ప్లయరివ్వు."
తన జడలన్నీ తనే కత్తిరించాడు.

మూడు గంటలు ఆలస్యం.
టీకాల పెట్టె ఒళ్ళో పెట్టుకున్న నర్సు
"ఐసు కరిగితే ఎవరిదమ్మా పూచీ?" అని కసిరింది.
నాదన్నాను.
ఉన్ని కత్తిరించే కూలీలిద్దరు
ఎక్కకముందే ఆవులించారు,
నేల విడిచేసరికి నిద్రపోయే ఉంటారు.
కుడి రెక్క లేచింది, తడబడి, సర్దుకుంది.
అప్పటిదాకా నేను పెన్ను కొరుకుతూనే ఉన్నాను.

తెగిన వైరు ముక్కలు లెక్కపెట్టి
డబ్బాలో వేయడం మా అలవాటు,
ఒక్కటి లోపల మిగిలినా కప్పీలో ఇరుక్కోవచ్చు.
ఆ సాయంత్రం ఒకటి తక్కువైంది.
వెతకలేదు.
జేబులో చెయ్యి పెట్టుకొని
ఎలియోడోరో గాలికెదురుగా నడిచిపోతున్నాడు.
అదెక్కడుందో నాకు తెలుసు.