ఉప్పు తిన్న బండ్లు

తెల్లారి ఐదున్నరకి షట్టర్ ఎత్తగానే
లైటు వెయ్యను, ముందు చెవి పెడతాను.
రాత్రంతా నాజిళ్ళలోంచి సన్నగా నీళ్ళు కారుతుండాలి,
జలుబు చేసిన పసిపిల్ల ముక్కులా.
ఆగిందా, పైపులో గాజుగడ్డ, గోడలో పగులు,
ప్లంబర్‌కి తొమ్మిది వందల డాలర్లు.

ఇవాళ మూడో బే మాట్లాడ్డం లేదు.

ఇంట్లోంచి హెయిర్ డ్రయ్యర్ తెచ్చి, స్టూలెక్కి,
గోనె చుట్టుకున్న పైపు మెడకి
ఇరవై నిమిషాలు వేడిగాలి పట్టాను.
నా జుట్టుకి ఏనాడూ ఇంత సేవ జరగలేదు.
ముందొక దగ్గు.
ఒక చుక్క.
తర్వాత మొహం మీదే ధార.

బయట, సరస్సు మీంచి లేచొచ్చిన మంచు
ఈరీ ఊరి పన్నెండో వీధిని మింగి కూచుంది.
కౌంటీ లారీలు రాత్రంతా ఉప్పు చల్లాయి.
చినగంజాం కొటార్లలో మా నాన్న
పారతో లాగి కుప్పేసిన ఉప్పు
మూరెడు ఎత్తు పెరిగితే పండగ మాకు.
ఇక్కడ రోడ్డు మీద పారబోస్తారు.
ఆయన ఉప్పు పండించాడు, నేను ఉప్పు కడుగుతున్నాను.
మడమల పగుళ్ళు మాత్రం అచ్చం ఆయనవే.

ఆరింటికి మొదటి బండి.
గ్యారీ ఒల్షెఫ్‌స్కీ. రాత్రంతా ఉప్పులారీ తోలింది ఇతనే.
సొంత పికప్ కింద, చక్రాల సందుల్లో
తను చల్లిందే తెల్లగా అట్ట కట్టింది.
"నా తప్పే" అన్నాడు, నాణేలు వెతుక్కుంటూ.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలని మావాళ్ళ మాట,
ఇంగ్లీషులోకి తిప్పి చెప్పాను.
అతను చాలాసేపు నవ్వి
బండి మూతి మీద తట్టాడు: తాగు, తాగు.
చల్లేది అతను, కడిగేది నేను,
ఇద్దరి మధ్యా ఊరు జారకుండా తిరుగుతోంది.
రెండు నిమిషాలు ఊరికే వేశాను.
టెరెల్ చూసి తల పట్టుకున్నాడు.

నాణేల పెట్టెలో మళ్ళీ మూడు కెనడా క్వార్టర్లు.
మెషిన్ వాటిని తినదు, కక్కదు, గొంతులో పెట్టుకుంటుంది.
చిమ్టాతో పీకి ఊరగాయ సీసాలో వేస్తాను.
సీసా సగం నిండింది.
నిండాక సరస్సు దాటి వెళ్ళి
ఆ ఒడ్డున కాఫీ తాగుదామని టెరెల్ ఆలోచన.

వాన కోసం చూసేవాళ్ళది సుఖం, ఒక్కటే అడగాలి.
నాకు మంగళవారం మంచు పడాలి,
గురువారానికి కరిగి బురదవ్వాలి,
శనివారం పొద్దున్నే ఎండ కాయాలి,
ఆదివారం చర్చి వదిలే వేళకి
ఎవరి కారు మురికిగా ఉందో అందరికీ కనపడాలి.
దేవుడు ఈ జాబితా విని
జనవరి అంతా మబ్బు పంపించాడు.

పంపు గదిలో గోడ నిండా పెన్సిల్ రాత,
నాకీ షాపు అమ్మిన వాల్ట్ జబ్లాన్‌స్కీది.
"బెల్టు మార్చా."
"ఆయిల్ పాలలా ఉంది. సీలు పోయినట్టే."
"గోతిలో బురద ఎత్తించా. పళ్ళసెట్టు దొరికింది. ఎవరూ అడగలేదు."
తొంభై ఒకటి మార్చిలో ఒక పంక్తి:
"డోరతీ. మూసేశాను."
దాని కిందే, నాలుగు రోజులు పోయాక:
"నాలుగో బే, కొత్త ఫోమ్ బ్రష్."

మొదటి ఏడాది ఆ గోడకి సున్నం వేయిద్దామనుకున్నాను.
డబ్బా కూడా కొన్నాను.
ఇప్పుడది తలుపు పడిపోకుండా అడ్డం ఉంది.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక,
దారంతో మేకుకి కట్టిన ఆయన పెన్సిల్ ముక్క తీసుకుని
ఆయన చివరి పంక్తి కింద, నా రాతలో:
"జనవరి పందొమ్మిది. మూడో బే. హెయిర్ డ్రయ్యర్."

టెరెల్ మాపు పట్టుకుని తొంగిచూశాడు,
జిలేబీల్లా ఉన్నాయే, ఏం రాశావన్నాడు.
నీళ్ళొచ్చాయని, అన్నాను.