పాటు దిగిందాకా

సంతకం సంగతి తర్వాత చూద్దాంలే షాహిదమ్మా,
ముందు చెప్పులిప్పి ఆ గట్టు మీద పెట్టు.
పాటు దిగేదానికి ఇంకా గంటుండాది.

నాలుగేండ్ల కిందట మీ యూనివర్సిటీ నుంచే ఒకాయన వచ్చినాడు.
ఈ కండలేరు పాయలో మూడు నెల్లు నా ఎనకమ్మడే తిరిగినాడు.
ఏ బొక్కలో ఆడ ఎండ్రకాయ, ఏ బొక్కలో మొగది,
కొక్కెం పెట్టకముందే మడమకి ఎట్టా తెలుస్తదో
అన్నీ రాసుకున్నాడు.
మంచోడే.
అన్నం పెడితే తిని, తట్ట తనే కడిగిపెట్టినాడు.
దినానికి నూటయాభై ఇచ్చినాడు,
ఆ పొద్దు ఎండ్రకాయలు అమ్ముకోనుంటే నాలుగొందలు.

పోయినాక పుస్తకం అచ్చేసినాడంట.
మా తిరుపాలు ముత్తుకూరులో చూసొచ్చి చెప్పినాడు:
అందులో ఎండ్రకాయకి రెండు పేర్లుండాయి,
ఒకటి మనది, ఒకటి ఏ దేశానిదో.
మానికల వెంగమ్మకి ఒక్కటీ లేదు.
'స్థానికుల కథనం ప్రకారం' అని ఉండాదంట.
ఆ స్థానికులు నేనే.

కోపం కాదమ్మా.
కరిపించుకున్న ఏలు
రెండోసారి ఊరికే బొక్కలోకి పోదు.

నీ కాయితంలో ఏముండాది?
పాయలో ఎన్ని రకాల ఎండ్రకాయలుండాయి, అంతేగా?
పదకొండు. అయిపోయింది నీ ప్రశ్న.
ఇప్పుడు మాది ఇను.
రొయ్యల గుంటల నీళ్లు వదిలిన మర్నాడు
పడమటి గట్టున బొక్కలెందుకు వట్టిపోతుండాయి?
ఆ నీళ్లలో నిలబడినోళ్ల కాళ్లకి ఈ దురదేంది?
దానికి జవాబు నా మడమలో లేదు.
నీ సీసాల్లో ఉండాదేమో చూద్దాం.

తేలింది తేలినట్టు, అచ్చుకి పోకముందే
మా గుడిసెల కాడ కూర్చోని తెలుగులో చదవాల.
తప్పుంటే చెప్తాం, కొట్టేయాల.

ఇంకోటి.
అది చదివి గుంటల ఆసాములు రాత్రిపూట మా మీదికొస్తే
నువ్వు యాడుంటావు?

మాట్లాడవేంది?

తెలీదా.

...సరే.
తెలీదని చెప్పిన మొదటి మనిషివి నువ్వే.

అదిగో, మడచెట్ల ఏర్లు బయటపడుతుండాయి.
సీసాల సంచీ నాకియ్యి, బుట్ట నువ్వు పట్టు.
ఆడ కాలు పెట్టబాక, నడుందాకా దిగిపోతావు.
నేలని కండ్లతో ఎతకబాక తల్లా,
మడమతో చూసుకుంటా రా.