ఏడో పంక్తి

ఎండెల్,
నీ ఉత్తరం పందొమ్మిది రోజులకి చేరింది.
రుహ్ను చుట్టూ నీళ్ళు గడ్డకట్టి పడవ ఆగిపోయిందట.
కవరు విప్పగానే పొగబెట్టిన చేప వాసన,
తర్వాత నీ చేతిరాత,
ఆ తర్వాతే నా కవిత,
నీ పెన్సిలు గీతల కింద మూలుగుతూ.

"సముద్రం ఏడుస్తోంది" అని నువ్వు రాస్తే
పోయిన నెల నేను కొట్టేశాను.
సముద్రానికి అంత తీరికెక్కడిది,
ఏడ్చింది నువ్వు, ఒప్పుకో అన్నాను.
ఆ బాకీ ఇప్పుడు తీర్చుకున్నావు:
మా అమ్మ చేతులకి నేను మూడు విశేషణాలు తొడిగితే
"రెండు జతలు విప్పెయ్, వేళ్ళు కనబడనీ" అని.

సరే, విప్పేశాను.
చలికి వేళ్ళు ఎర్రబడ్డాయి.
నువ్వన్నదే నిజం.
(ఈ మూడు మాటలు రాయడానికి రెండు రోజులు పట్టింది.)

కానీ ఏడో పంక్తి.
"తను తలుపు దాకా వచ్చి ఆగిన చప్పుడు."
మన భాషలో అతనికీ ఆమెకీ ఒకటే మాట కదా,
దాని పక్కన ప్రశ్నార్థకం గీసి
ఎవరీ తను, మీ అమ్మా, నేనా,
తేల్చి రాయి, అన్నావు.

తేల్చను.
ఆ మార్చిలో నువ్వు దీవిలో గాలివేగం కొలుస్తున్నావు.
తార్తు ఆసుపత్రిలో, ఐదో నెలలో,
తెల్లగుడ్డ చుట్టి తీసుకెళ్ళిన నర్సు
ఆడో మగో చెప్పలేదు.
నేను అడగలేదు.
ఇన్నాళ్ళూ నీకు రాయలేదు.
ఆ మాట ఒక్కటే సరిపోయింది తనకి,
దాన్ని ముట్టుకోకు.

నీ కవిత దీంతో వెనక్కి పంపుతున్నాను.
బారోమీటరు పంక్తి జోలికి పోలేదు,
చదివాక కాసేపు పొయ్యి రాజేయడం మర్చిపోయాను.
చివరి నాలుగూ మాత్రం తీసెయ్.
సెలవు తీసుకున్నాక కూడా
గుమ్మంలో నిలబడి చెప్పులు వెతుక్కుంటున్నావు.
"ఒంటరి" అనే మాట కూడా వద్దు.
అచ్చుకూటంలో రోజుకి పదిసార్లు సరిదిద్దుతాను,
అరిగిపోయిన అక్షరాలు దానివే.

ఎర్రపెన్సిలు ముక్క, ఊలు మేజోళ్ళు పెట్టాను.
ఎడమదానికి మడమ దగ్గర కుట్టు తప్పింది,
అది నువ్వు సరిదిద్దలేవులే.

ఇంకొక్కటి.
ఉత్తరం అడుగున "వస్తున్నాను" అని రాశావు.
ఇప్పుడా, మంచు కరిగాకా, పై ఏడా?
రేపటికి వేరే కాలం లేని వ్యాకరణం మనది.
ఈ పంక్తి మాత్రం
తేల్చి రాయి.

వైకే