కింది సొరుగు

కామోలో మంచు పడుతోంది.
తోకుజీ ముందు బీరువాకి తలంటు పోశాడు.
వేడినీళ్లు తగలగానే
కిరి చెక్క మీది సొట్టలు
ఒక్కొక్కటే లేచాయి,
అలిగి పడుకున్న పిల్ల
అన్నానికి లేచినట్టు.

“మరి ఈ కాలిన మచ్చ?”
అమ్మమ్మ సెత్సు
బొగ్గుల ఇస్త్రీపెట్టె మరిచిపోయిన రోజుది.
ముప్పై ఏళ్లు దెప్పింది అమ్మ.
చిత్రిక పట్టెయ్యమన్నాను.
పట్టబోతుంటే
చెయ్యి అడ్డం పెట్టాను.
ఆయనేమీ అనలేదు,
పక్క సొరుగు అందుకున్నాడు.

ఇంటికొచ్చింది, కొత్త చెక్క వాసనతో.
పైది మూస్తే
లోపలి గాలికి కిందిది తెరుచుకుంటుంది.
వాళ్లిద్దరూ అంతే.
ఒకరు నోరు మూస్తే
రెండోవారు ఎత్తుకునేవారు.

మచ్చ ఉన్న సొరుగుని
మెల్లగా లోపలికి నెట్టాను.

పైన చప్పుడు.
వస్తున్నా,
ఇద్దరి మాటా వింటాను.